సిలికాన్ ఫోటోనిక్స్: చారాణా లెక్కకు బారాణా రవాణా

అమెరికాలో టెనెసీ రాష్ట్రంలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలలో ఫ్రాంటియర్ అనే సూపర్ కంప్యూటర్ ఉంది. 2022 మేలో అది 1.1 ఎక్సాఫ్లాప్స్ వేగం అందుకుంది. అంటే ఒకటి పక్కన పద్దెనిమిది సున్నాలు పెడితే వచ్చేదానికి కాస్త ఎక్కువ లెక్కలు, ఒక్క సెకనులో. ఆ పరీక్ష నడిచినంతసేపూ యంత్రం లాగిన కరెంటు సుమారు 21 మెగావాట్లు. దీన్ని దాంతో భాగిస్తే ఒక్కో లెక్కకు పడ్డ ఖర్చు దాదాపు 19 పికోజౌళ్లని తేలుతుంది. జౌలులో లక్ష కోట్లవ వంతు పికోజౌలు. ప్రాసెసరు, మెమరీ, నెట్‌వర్కు అన్నీ కలిపి తీసిన సగటు ఇది.

ఇప్పుడు ఇంకో లెక్క. ఆ యంత్రం వాడే ఒక్కో సంఖ్య పొడవు 64 బిట్లు. అలాంటి ఒక్క సంఖ్యను ఈ ర్యాకు నుంచి అవతలి ర్యాకుకు పంపాలి. డేటా సెంటర్లలో ఇవాళ వాడుకలో ఉన్న ప్లగబుల్ ఆప్టికల్ మాడ్యూలు బిట్టుకు 15 పికోజౌళ్ల దాకా తీసుకుంటుంది. 64 పదిహేన్లు 960. లెక్క వేయడానికి పడ్డ ఖర్చుకు యాభై రెట్లు! చారాణా కోడికి బారాణా మసాలా అని హైదరాబాదు వాళ్లు ఊరికే అనలేదు. ఇక్కడైతే కోడి లెక్కలోకే రావడం లేదు.

ఈ మసాలా ఖర్చును దించడానికి నలభై ఏళ్లుగా సాగుతున్న ప్రయత్నం పేరు సిలికాన్ ఫోటోనిక్స్. ప్రాసెసర్లు తయారయ్యే సిలికాన్ పలకల మీదే, అదే రకం ఫ్యాక్టరీల్లో, కాంతిని నడిపే దారులను, దాన్ని మలిపి వెలిగించే మీటలను, అందుకునే గ్రాహకాలను చెక్కే విద్య ఇది. వీటన్నిటినీ విడివిడిగా తెచ్చి అతికించకుండా ఒకే చిప్పు మీద పుట్టిస్తే దాన్ని సమీకృత ఫోటోనిక్స్ అంటారు. టెలిఫోన్ కంపెనీలు 1970ల చివరి నుంచే గాజు తీగలో కాంతిని పంపుతున్నాయి కాబట్టి కాంతితో కబురు పంపడం కొత్తేమీ కాదు. ఆ కాంతిని ప్రాసెసరు గుమ్మం దాకా తేవడమే కొత్త.

రాగి ఎక్కడ అలిసిపోతుంది

ముందుగా ఒక అపోహ తీసేయాలి. కాంతి వేగంగా పోతుంది కాబట్టి కంప్యూటరు వేగం పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. మంచి రాగి కేబుల్లో విద్యుత్ సంకేతం కూడా ఇంచుమించు అంతే వేగంతో పోతుంది, ఒక్కోసారి కాస్త ఎక్కువగానే. పరుగు పందెంలో కాంతి గెలిచిందేమీ లేదు.

గెలిచింది ఓపికలో. రాగి తీగలో సంకేతం పౌనఃపున్యం పెరిగేకొద్దీ కరెంటు తీగ నిండా పారడం మానేసి పైచర్మంలోనే పారుతుంది. తీగ ఎంత లావున్నా పనిచేసేది ఆ పలచటి పొర ఒక్కటే. నిరోధం పెరుగుతుంది, సంకేతం నీరసిస్తుంది, చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కూడా కొంత మింగుతుంది. ఒక్కో తీగల జతలో సెకనుకు 100 గిగాబిట్లు పంపాలంటే మధ్యలో బలం పోయించకుండా రాగి కేబులు పోగలిగే దూరం రెండు మూడు మీటర్లు. వేగం రెట్టింపు చేస్తే ఆ దూరం ఇంకా కుంచించుకుపోతుంది. అదే గాజు తీగలో 1.3 మైక్రాన్ల కాంతి సగానికి తగ్గాలంటే ఎనిమిది కిలోమీటర్లకు పైగా ప్రయాణించాలి. సూపర్ కంప్యూటరు హాలులో దూరాలు మహా అయితే వంద మీటర్లు. కాంతికి అదొక దూరమే కాదు. పైగా ఒకే తీగలో ఎనిమిదో పదహారో రంగుల కాంతిని ఒకదానితో ఒకటి తగువు పడకుండా పంపవచ్చు. రాగికి ఆ వీలు లేదు.

ఇదంతా 2008లోనే అంకెల్లోకి వచ్చింది. ఆ ఏడాది లాస్ అలమోస్ ప్రయోగశాల కోసం ఐబీఎం కట్టిన రోడ్‌రన్నర్ మొదటిసారి పెటాఫ్లాప్ (ఎక్సాఫ్లాప్‌లో వెయ్యో వంతు) గీత దాటింది. ఖర్చు 2.35 మెగావాట్లు. అదే పద్ధతిలో వెయ్యి రెట్లు పెంచితే 2,350 మెగావాట్లు కావాలి, అంటే ఒక కంప్యూటరుకు ఒక పెద్ద థర్మల్ కేంద్రం. అమెరికా రక్షణశాఖ పరిశోధన సంస్థ డార్పా కోసం పీటర్ కోగీ నాయకత్వంలో ఒక బృందం అదే సంవత్సరం ఎక్సాస్కేల్ సాధ్యాసాధ్యాల మీద నివేదిక ఇచ్చింది. 20 మెగావాట్లలో ఇమడాలన్నది లక్ష్యం. ఆ నివేదిక వేలు పెట్టి చూపించింది లెక్కలు వేసే భాగాలను కాదు, డేటాను మోసే దారులను. 2014లో స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ మార్క్ హొరోవిట్జ్ అదే విషయాన్ని మరింత సూటిగా చెప్పారు: 45 నానోమీటర్ల చిప్పులో 32 బిట్ల దశాంశ కూడికకు 0.9 పికోజౌలు చాలు, బయటి డీర్యామ్ మెమరీ తలుపు తట్టి డేటా తెచ్చుకోవాలంటే వెయ్యి దాటిపోతుంది.

గడప జరిగిన తీరు

ఎక్కడిదాకా రాగి, ఎక్కడి నుంచి కాంతి? సూపర్ కంప్యూటర్ల చరిత్రలో ఈ గడప ఒక్కచోట నిలవలేదు, ఎప్పుడూ చిప్పు వైపుకే జరుగుతూ వచ్చింది. మొదట ఊళ్ల మధ్య, తరవాత భవనాల మధ్య, తరవాత ర్యాకుల మధ్య. రోడ్‌రన్నర్ నాటికే ర్యాకుల మధ్య ఆప్టికల్ కేబుళ్లు వచ్చేశాయి.

ఐబీఎం ఆ తరవాత ఇంకో అడుగు ముందుకేసింది. పవర్ 775 అనే యంత్రంలో నెట్‌వర్కు చిప్పు కూర్చున్న పళ్లెం మీదే చిన్న చిన్న ఆప్టికల్ మాడ్యూళ్లను డజన్లకొద్దీ పేర్చింది. అవి సిలికాన్ ఫోటోనిక్స్ కావు, గాలియం ఆర్సెనైడ్‌తో చేసిన లేజర్లు. ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో బ్లూ వాటర్స్ పేరుతో ఆ యంత్రాన్ని నిలబెట్టాలన్నది ఒప్పందం. 2011 ఆగస్టులో ఐబీఎం ఆ ఒప్పందం నుంచి తప్పుకుంది, ఖర్చు, సాంకేతిక సహాయం ఊహించినదానికన్నా ఎక్కువవుతున్నాయని కారణం చెప్పింది. ఇవాళ కో-ప్యాకేజ్డ్ ఆప్టిక్స్ అని కొత్తగా వినిపిస్తున్న ఆలోచనకు అసలైన పెద్దన్న ఆ యంత్రమే. ముందుగా పుట్టినవాళ్లకు దక్కే గౌరవం మాత్రం దానికి దక్కలేదు.

ఆప్టికల్ కేబులు ఖరీదు యంత్రాల ఆకారాన్నే మార్చేసింది. 2008లో జాన్ కిమ్, విలియం డాలీ, స్టీవ్ స్కాట్, డెనిస్ ఆబ్ట్స్ ప్రతిపాదించిన డ్రాగన్‌ఫ్లై అల్లికలో దగ్గరి స్విచ్‌లను ఒక గుంపుగా చేసి లోపల చవకైన రాగితో కలుపుతారు. గుంపుకూ గుంపుకూ మధ్య మాత్రమే ఖరీదైన కాంతి. ఫ్రాంటియర్‌లోని స్లింగ్‌షాట్ నెట్‌వర్కు ఈ పద్ధతిదే. ఏ మూల నుంచి ఏ మూలకైనా మూడే అంగల్లో చేరవచ్చు. ఆప్టికల్ తీగ తక్కువ వాడాలన్న పొదుపు నుంచి పుట్టిన అందమైన జ్యామితి అది.

అయినా ఇరుకు ఇరుకే. ఫ్రాంటియర్‌లో 9,408 నోడ్లు, అంటే విడివిడి కంప్యూటర్లు, ఉన్నాయి. ఒక నోడు తలుపు తీసి చూస్తే లోపల ఏఎండీ ప్రాసెసరు ఒకటి, ఎంఐ250ఎక్స్ గ్రాఫిక్స్ చిప్పులు నాలుగు. ఒక్కో ఎంఐ250ఎక్స్ తన పక్కనే అంటిపెట్టుకున్న మెమరీ నుంచి సెకనుకు 3.2 టెరాబైట్లు లాగగలదు. నాలుగూ కలిస్తే 12.8 టెరాబైట్లు. ఇక నోడు నుంచి బయటికి ఉన్న దారులు నాలుగు, ఒక్కోటీ 200 గిగాబిట్లది. అన్నీ కలిపితే సెకనుకు 100 గిగాబైట్లు. అంటే ఇంట్లో వీధంత వసారా, బయటికి మాత్రం దానిలో 128వ వంతు వెడల్పున్న గుమ్మం. పొరుగు నోడు మెమరీ మీద ఆధారపడే ఏ ప్రోగ్రామైనా ఆ గుమ్మం దగ్గర క్యూ కట్టాల్సిందే. క్యూలో నిలబడిన ప్రాసెసరు పని చేయదు, కరెంటు మాత్రం తాగుతూనే ఉంటుంది. విద్యుత్ పొదుపు గురించి మాట్లాడేటప్పుడు తరచుగా మరచిపోయే ఖర్చు ఇది: కదలికకు పడే ఖర్చు ఒకటైతే, కదలిక కోసం ఎదురుచూపుకు పడేది ఇంకొకటి.

ఇసుకలోంచి కాంతి దారి

ఫోన్ కెమెరాలో కాంతిని పట్టేది సిలికానే. కంటికి కనిపించే కాంతిని అది మింగేస్తుంది కాబట్టే కెమెరా పనిచేస్తుంది. తరంగదైర్ఘ్యం 1.1 మైక్రాన్లు దాటితే మాత్రం సిలికాన్ దాన్ని పట్టించుకోదు. గాజులా అవతలికి వదిలేస్తుంది. ఆప్టికల్ ఫైబరు వాడే 1.31, 1.55 మైక్రాన్ల కాంతి సరిగ్గా ఆ అవతలే ఉంది. ఈ యాదృచ్ఛికత మీదే సిలికాన్ ఫోటోనిక్స్ మొత్తం నిలబడింది.

1980ల మధ్యలో అమెరికా వైమానిక దళ ప్రయోగశాలలో రిచర్డ్ సోరెఫ్ ఈ దారి చూపారు. 1987లో బెనెట్‌తో కలిసి ఆయన ప్రచురించిన విశ్లేషణ ఈ రంగానికి పునాది రాయి. సిలికాన్ స్ఫటికం మరీ సౌష్ఠవంగా ఉండడంతో విద్యుత్ క్షేత్రం పెట్టగానే వక్రీభవన గుణకం మారే సులువైన ధర్మం దానికి లేదు. కానీ లోపల ఎలక్ట్రాన్లనూ రంధ్రాలనూ (ఎలక్ట్రాన్ లేని ఖాళీలను) నింపితే, తీసేస్తే గుణకం కొద్దిగా మారుతుందని, ఎంత మారుతుందో వాళ్లు లెక్క కట్టారు. ఆ కొద్దిపాటి మార్పుతోనే ఇవాళ్టి సిలికాన్ మాడ్యులేటర్లు, అంటే కాంతిని మలిపి వెలిగించే మీటలు, చాలావరకు నడుస్తున్నాయి.

సిలికాన్ వక్రీభవన గుణకం దాదాపు 3.5, చుట్టూ ఉన్న గాజుది 1.45 లోపే. ఇంత తేడా ఉంది కాబట్టి కాంతి సిలికాన్ దారి వదిలి బయటికి పోలేదు. 450 నానోమీటర్ల వెడల్పు, 220 నానోమీటర్ల ఎత్తు ఉన్న సన్నని గట్టులో అది బుద్ధిగా నడుస్తుంది. మైక్రాన్ల వ్యాసార్ధంతో మలుపు తిప్పినా తిరుగుతుంది. ఫైబరును అలా వంచితే విరిగిపోతుంది. అయితే ఈ గట్టు మీద సెంటీమీటరు నడిచేసరికే కాంతి పావు వంతో ఆ పైనో కరిగిపోతుంది. అందుకే చిప్పు లోపలి మిల్లీమీటర్లకే సిలికాన్, బయటి మీటర్లకు గాజే.

2004లో ఇంటెల్ పరిశోధకులు ఒక గిగాహెర్ట్జ్ వేగంతో కాంతిని మార్చగల సిలికాన్ మాడ్యులేటరును చూపించారు. అంతకుముందున్నవి అందులో యాభయ్యో వంతు వేగం దగ్గరే ఆగిపోయేవి. ఆ మాడ్యులేటరు మాత్రం మిల్లీమీటర్ల పొడవుంది. మరుసటి ఏడాది కార్నెల్ విశ్వవిద్యాలయంలో మిఖాల్ లిప్సన్ బృందం దాన్ని 12 మైక్రాన్ల ఉంగరంలోకి కుదించింది. మనిషి వెంట్రుక అడ్డుకోతలో అలాంటి ఉంగరాలు చాలానే పడతాయి.

ఈ ఉంగరం పనిచేసే తీరు కాస్త ఆగి చూడదగింది. తిన్నగా పోయే కాంతి దారి పక్కనే, తగిలీ తగలనట్టుగా, ఉంగరం ఉంటుంది. దారిలో వచ్చే కాంతి తరంగదైర్ఘ్యం ఉంగరం చుట్టుకొలతలో సరిగ్గా పూర్ణ సంఖ్యలో ఇమిడితే ఆ కాంతి ఉంగరంలోకి దూకి అక్కడే గిరగిరా తిరిగి ఆరిపోతుంది. అవతలికి చీకటి పోతుంది, అది సున్నా. ఉంగరానికి వోల్టేజి ఇస్తే గుణకం రవ్వంత మారి, ఇమడడం తప్పుతుంది. కాంతి ఉంగరాన్ని పట్టించుకోకుండా ముందుకు పోతుంది, అది ఒకటి. వీణలో ఒక్కో తీగ ఒక్కో స్వరానికే కంపించినట్టు, ఒక్కో ఉంగరం ఒక్కో రంగుకే స్పందిస్తుంది. ఒకే దారి పక్కన ఎనిమిది ఉంగరాలు పెడితే ఎనిమిది రంగుల మీద ఎనిమిది కబుర్లు. రంగులను కలపడానికి వేరే పరికరం అక్కర్లేదు. ఉంగరం ఇంత చిన్నది కాబట్టి దాన్ని ఊపడానికి పట్టే శక్తి కూడా చాలా చిన్నది. పొదుపు ఇక్కడ మొదలవుతుంది.

చిక్కూ ఇక్కడే మొదలవుతుంది. వీణకు శ్రుతి తప్పినట్టే ఉంగరానికీ తప్పుతుంది, అదీ వేడికి. ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే ఉంగరం పట్టే రంగు నానోమీటరులో 0.08 వంతు దాకా జరుగుతుంది. రెండు మూడు డిగ్రీలు చాలు, ఉంగరం తన రంగును పూర్తిగా వదిలేయడానికి. పక్కనేమో వందల వాట్లతో మండే ప్రాసెసరు, ఏ క్షణం ఎంత వేడెక్కుతుందో చెప్పలేం. అందుకని ప్రతి ఉంగరం పక్కనా ఒక బుల్లి హీటరు పెట్టి, కాస్త ఎక్కువ వేడి దగ్గరే ఉంచి, నిరంతరం సర్దుతూ ఉంటారు. కరెంటు ఆదా చేయడానికి వచ్చిన పరికరానికి కుంపటి పెట్టాల్సి రావడం విడ్డూరమే, కానీ లెక్క వేస్తే ఇప్పటికీ లాభమే. కంపెనీలు బిట్టుకు ఇన్ని పికోజౌళ్లని ప్రకటించినప్పుడు మాత్రం హీటరు ఖర్చూ లేజరు ఖర్చూ అందులో కలిపారో లేదో చూసుకోవడం మంచిది. చాలాసార్లు కలపరు.

అరువు వెలుగు

సిలికాన్‌కు ఉన్న పెద్ద లోపం, అది తనంతట తాను వెలగలేదు. దాని ఎలక్ట్రాన్లు శక్తిని కాంతిగా కాక ఎక్కువగా వేడిగా వదిలేస్తాయి. కాంతిని అందుకునే పనికి జెర్మేనియం దొరికింది. దాన్ని సిలికాన్ మీదే పెంచవచ్చు, ఫ్యాక్టరీలకు అలవాటైన పదార్థమే. వెలిగించే పనికి మాత్రం ఇండియం ఫాస్ఫైడ్ లాంటి వేరే జాతి పదార్థం కావాలి. 2006లో శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జాన్ బవర్స్ బృందం, ఇంటెల్ కలిసి ఇండియం ఫాస్ఫైడ్ ముక్కను సిలికాన్ మీద అంటించి, విద్యుత్తుతో నడిచే హైబ్రిడ్ లేజరును తయారుచేశాయి. ఇంటెల్ ఆ దారినే పట్టుకుంది. మిగతావాళ్లలో చాలామంది లేజరును చిప్పుకు దూరంగా, చల్లగా ఉండే చోట పెట్టి, కాంతిని ఫైబరు ద్వారా అరువు తెచ్చుకోవడమే మేలనుకున్నారు.

కారణం ఆయుష్షు. వేడెక్కేకొద్దీ లేజరు సామర్థ్యం తగ్గుతుంది, ముసలితనం త్వరగా వస్తుంది. ఆప్టికల్ లింకుల్లో మిగతా భాగాల కన్నా ముందు చచ్చేది సాధారణంగా లేజరే. వేల ప్రాసెసర్లున్న యంత్రంలో ఒక్క లేజరు పోయినందుకు లక్షల విలువ చేసే ప్రాసెసరును పీకేయాల్సి వస్తే యంత్రం నడిపేవాళ్లు ఒప్పుకోరు. పైగా లేజరు వీధి దీపం లాంటిది. డేటా పోతున్నా పోకపోయినా వెలుగుతూనే ఉండాలి. సూపర్ కంప్యూటరు నెట్‌వర్కులో రద్దీ ఉప్పెనలా వచ్చిపోతుంది, మధ్యలో చాలాసేపు దారులు ఖాళీ. ఆ ఖాళీ సమయంలో వృథా అయ్యే వెలుగును తగ్గించడం ఇంకా పూర్తిగా తెగని సమస్య.

ఇంకో తలనొప్పి ఫైబరును చిప్పుకు అతకడం. ఫైబరు లోపలి కాంతి దారి వ్యాసం సుమారు 9 మైక్రాన్లు, సిలికాన్ గట్టు అర మైక్రాను కూడా లేదు. గోదావరిని పిల్లకాలువలోకి మళ్లించడం లాంటి పని. చిప్పు అంచున సన్నగా సాగే కొన ద్వారానో, పైన చెక్కిన గీతల జాలీ ద్వారానో కాంతిని దింపుతారు. అమరిక మైక్రానులో భాగం తప్పినా నష్టమే. చిప్పు తయారీలో లక్షలాది భాగాలు ఒకేసారి అచ్చుపడతాయి, ఫైబర్లను మాత్రం వరసలు వరసలుగా జాగ్రత్తగా అమర్చి అంటించాలి. ధర దిగిరాకపోవడానికి పెద్ద కారణం ఫోటోనిక్స్ కాదు, ఈ అతుకుల పనే.

చిప్పు మాట్లాడిన రోజు

2015 డిసెంబరులో నేచర్ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. ఎంఐటీ, బర్క్‌లీ, కొలరాడో విశ్వవిద్యాలయాల పరిశోధకులు, వారిలో వ్లాదిమిర్ స్టోయనోవిచ్, రాజీవ్ రామ్, క్రస్తే అసనోవిచ్, మిలోష్ పోపోవిచ్ ఉన్నారు, ఒకే చిప్పు మీద 7 కోట్లకు పైగా ట్రాన్సిస్టర్లనూ 850 ఆప్టికల్ భాగాలనూ పెట్టి, ప్రాసెసరు మెమరీతో నేరుగా కాంతి ద్వారా మాట్లాడేలా చేశారు. అందులో విశేషం వేగం కాదు. మామూలు 45 నానోమీటర్ల ఉత్పత్తి పద్ధతిలో ఒక్క మెట్టు కూడా మార్చకుండా, ట్రాన్సిస్టర్ల కోసం ఉన్న పొరల్లోంచే ఆప్టికల్ భాగాలను మలిచారు. వంటింట్లో ఉన్న పాత్రలతోనే కొత్త వంట చేసి చూపించారన్నమాట. ఆ బృందంలోంచే అయార్ ల్యాబ్స్ పుట్టింది. 2020 నాటికి ఇంటెల్ ఎఫ్‌పీజీఏ (కావలసినట్టు మలుచుకోగల చిప్పు) పక్కన ఒకే ప్యాకేజీలో తన ఆప్టికల్ చిప్లెట్‌ను, అంటే చిన్న చిప్పు ముక్కను, పెట్టి పనిచేయించింది.

2024 మార్చిలో జరిగిన ఆప్టికల్ కమ్యూనికేషన్ల సదస్సులో ఇంటెల్ కూడా తన చిప్లెట్‌ను తన ప్రాసెసరుతో కలిపి చూపింది. రెండు వైపులా కలిపి సెకనుకు 4 టెరాబిట్లు, వంద మీటర్ల దాకా, బిట్టుకు 5 పికోజౌళ్లు. మొదట వేసిన లెక్కలో 15 స్థానంలో ఈ 5 పెడితే మన 64 బిట్ల సంఖ్య ప్రయాణం 960 నుంచి 320కి దిగుతుంది. మసాలా ఇంకా ఖరీదే, కాకపోతే మూడో వంతు.

స్విచ్ ముఖం మీది నుంచి లోపలికి

ఇన్ని ప్రయోగాలు జరుగుతుండగా మార్కెట్లో నిజంగా డబ్బు చేసింది మాత్రం సాదాసీదా ప్లగబుల్ మాడ్యూలు. క్యాల్‌టెక్ నుంచి పుట్టిన లక్స్‌టెరా 2007లో సిలికాన్ ఫోటోనిక్స్‌తో ఆప్టికల్ కేబుళ్లు అమ్మడం మొదలుపెట్టింది. తరవాత దాన్ని సిస్కో కొనేసింది. ఇంటెల్ 2016లో 100 గిగాబిట్ల మాడ్యూళ్లతో దిగింది, 2023లో ఆ వ్యాపారాన్ని జాబిల్ సంస్థకు వదిలేసింది.

చూపుడు వేలంత ఉండే ఈ మాడ్యూలు స్విచ్ ముందుభాగంలో గూటిలోకి దూరుతుంది. పాడైతే టెక్నీషియను నిమిషంలో పీకి ఇంకోటి పెడతాడు. ఈ సౌకర్యానికి కట్టే మూల్యం లోపల ఉంది. స్విచ్ చిప్పు నుంచి ముందుభాగం దాకా బోర్డు మీద అడుగు దూరం దాకా సంకేతం రాగి గీతల్లో ఈడ్చుకుంటూ రావాలి. వచ్చేసరికి అది గుర్తుపట్టలేనంత చెదిరిపోతుంది. దాన్ని మళ్లీ చక్కదిద్దడానికి మాడ్యూలులో డీఎస్‌పీ అనే చిప్పు ఉంటుంది. మాడ్యూలు తాగే కరెంటులో పెద్ద వాటా దానిదే. కాంతి వంద మీటర్లు పోవడానికి అయ్యే ఖర్చు కన్నా రాగి మీద ఆ అడుగు దూరం తెచ్చిన నష్టం సరిచేయడానికే ఎక్కువ పోతోంది.

కో-ప్యాకేజ్డ్ ఆప్టిక్స్ ఆ అడుగు దూరాన్ని తీసేస్తుంది. స్విచ్ చిప్పు కూర్చున్న పళ్లెం మీదే దాని చుట్టూ ఆప్టికల్ ఇంజన్లు కూర్చుంటాయి, రాగి దూరం మిల్లీమీటర్లలోకి వస్తుంది, డీఎస్‌పీ అవసరం తప్పుతుంది. బ్రాడ్‌కామ్ 2024లో బెయిలీ పేరుతో సెకనుకు 51.2 టెరాబిట్ల స్విచ్‌ను ఇలా తెచ్చింది. చుట్టూ ఎనిమిది ఇంజన్లు, ఒక్కోటీ 6.4 టెరాబిట్లు. ప్లగబుల్‌తో పోలిస్తే ఆప్టిక్స్ కరెంటు 70 శాతం దాకా తగ్గుతుందని ఆ కంపెనీ మాట.

2025 మార్చిలో ఎన్విడియా అధినేత జెన్సన్ హ్వాంగ్ వేదిక మీద ఒక ఆప్టికల్ కేబులు చేతబట్టుకుని, దాని చిక్కు విప్పుకోలేక కాస్త తంటాలు పడుతూనే, ఒక లెక్క చెప్పారు. 1.6 టెరాబిట్ల మాడ్యూలు ఒక్కోటి 30 వాట్లు తాగుతుంది. పెద్ద అల్లికలో ఒక్కో గ్రాఫిక్స్ చిప్పుకు అలాంటివి ఆరు పడతాయి, అంటే 180 వాట్లు. పది లక్షల చిప్పులుంటే 180 మెగావాట్లు, మాడ్యూళ్లకే. ఎనిమిదిన్నర ఫ్రాంటియర్లను నడిపే కరెంటు అది, ఒక్క లెక్క కూడా వేయకుండా. తమ కో-ప్యాకేజ్డ్ పద్ధతిలో ఆ 30 వాట్లు 9కి దిగుతాయని కంపెనీ లెక్క. అక్కడ వాడింది, ఇరవై ఏళ్ల కింద కార్నెల్‌లో పుట్టిన ఆ ఉంగరం మాడ్యులేటరు జాతినే.

రాగి ఇంకా ఓడిపోలేదు

విచిత్రమేమిటంటే, అదే ఎన్విడియా సరిగ్గా ఏడాది ముందు రాగిని ఎత్తుకుని ఊరేగింది. 2024 మార్చిలో ప్రకటించిన ఎన్‌వీఎల్72 ర్యాకులో 72 గ్రాఫిక్స్ చిప్పులను ఒకదానితో ఒకటి కలపడానికి వెనకాల 5,000 రాగి కేబుళ్లు వాడింది, మొత్తం పొడవు రెండు మైళ్లు. అదే పని ఆప్టికల్ మాడ్యూళ్లతో చేస్తే ఒక్కో ర్యాకుకు 20 కిలోవాట్లు అదనంగా పోయేవని హ్వాంగ్ అప్పుడు చెప్పారు. ఆ ర్యాకు మొత్తం ఖర్చు 120 కిలోవాట్లు. ఇందులో మాట మార్చింది ఏమీ లేదు. ఆ రోజుకు ఉన్న ఆప్టిక్స్‌తో రెండు మీటర్ల లోపు రాగే చవక, దానికి లేజరూ వద్దు హీటరూ వద్దు. ఆ రెండు మీటర్లలో ఇమడడానికే చిప్పులన్నిటినీ ఒకే ర్యాకులో కుక్కి, నీళ్లతో చల్లబరచాల్సి వచ్చింది. ర్యాకు అంత బరువుగా, అంత వేడిగా తయారవడానికి రాగి దూరం ఒక కారణం.

కాంతితో కరెంటు ఆదా చేయడానికి సిలికాన్ ఫోటోనిక్స్ ఒక్కటే మార్గమని కూడా అనుకోనక్కర్లేదు. గూగుల్ తన టీపీయూ వీ4 యంత్రంలో 4,096 చిప్పులను 64 చొప్పున గుంపులు చేసి, గుంపుల మధ్య కాంతిని బుల్లి అద్దాలతో దారి మళ్లించే 48 స్విచ్‌లు పెట్టింది. ఆ అద్దాలు కాంతిని చదవవు, కేవలం తిప్పుతాయి, కాబట్టి మధ్యలో విద్యుత్తుగా మార్చి మళ్లీ కాంతిగా మార్చే ఖర్చు లేదు. 2023లో ప్రచురించిన వ్యాసంలో, స్విచ్‌లూ ఆప్టిక్స్ కలిపి యంత్రం మొత్తం కరెంటులో 3 శాతం కన్నా తక్కువే తీసుకుంటున్నాయని గూగుల్ ఇంజనీర్లు రాశారు. అయితే అద్దాలు తిరగడానికి మిల్లీసెకన్లు పడుతుంది. ఒక పని మొదలయ్యేముందు దారులు వేసుకుని ఆ తరవాత కదపకుండా ఉంటేనే అది పనికొస్తుంది. క్షణక్షణం గమ్యం మారే పనులకు కాదు.

కొలంబియా విశ్వవిద్యాలయంలో కెరెన్ బెర్గ్‌మన్ లాంటివాళ్లు చాలాకాలంగా వాదిస్తున్నది ఇంకొకటి. అసలు లాభం బిట్టు బిట్టుకూ మిగిలే పికోజౌళ్లలో కన్నా యంత్రం అమరికను మార్చడంలో ఉందని. ఇప్పుడు మెమరీ ప్రతి ప్రాసెసరుకూ అంటుకుని ఉంటుంది. ఒకచోట చాలక ఇబ్బంది, ఇంకోచోట వాడక వృథా. దూరం లెక్కలోకి రాని కాంతి దారులుంటే మెమరీని ఒక ఉమ్మడి గిడ్డంగిగా పెట్టి ఎవరికి కావలసింది వాళ్లు తీసుకోవచ్చు. ప్రాసెసరుకు మిల్లీమీటరు దూరంలో అంటిన హెచ్‌బీఎం మెమరీతో మాత్రం కాంతి ఇప్పట్లో పోటీ పడలేదు. అక్కడ రాగి ఖర్చు బిట్టుకు కొద్ది పికోజౌళ్లే.

భారతదేశంలో ఐఐటీ మద్రాసులో బిజయ్ కృష్ణ దాస్ నాయకత్వంలో కేంద్ర ఎలక్ట్రానిక్స్ మంత్రిత్వ శాఖ నిధులతో ప్రోగ్రామబుల్ ఫోటోనిక్ సర్క్యూట్ల కేంద్రం నడుస్తోంది, బెంగళూరు ఐఐఎస్‌సీలోనూ సిలికాన్ ఫోటోనిక్స్ మీద పని సాగుతోంది. ఇవి ఇంకా సూపర్ కంప్యూటరు నెట్‌వర్కుల దాకా రాలేదు.

శాస్త్ర పరిశోధనకు వాడే యంత్రాల్లోకి కో-ప్యాకేజ్డ్ స్విచ్‌లు ఇప్పుడిప్పుడే వస్తున్నాయి. ఆస్టిన్‌లోని టెక్సాస్ అడ్వాన్స్‌డ్ కంప్యూటింగ్ సెంటర్ ఎన్విడియా క్వాంటమ్-ఎక్స్ ఫోటోనిక్స్ స్విచ్‌లను వాడబోతున్నట్టు 2025 నవంబరులో ప్రకటన వచ్చింది. ఒక్కో స్విచ్‌లో 800 గిగాబిట్ల పోర్టులు 144, లోపల నీటి చల్లదనం. ముందుభాగం చూస్తే పాత మాడ్యూళ్ల గూళ్లు ఉండవు, ఫైబరు కొనలు నేరుగా లోపలికి పోతాయి. పీకి మార్చడానికి వీలుగా బయట మిగిలింది లేజర్ల పెట్టెలు మాత్రమే.